వీడియో గేమ్‌లో ఎక్కడికెళ్లాలో, ఏం చెయ్యాలో అడుగడుగునా చెప్పే గైడ్ పక్కన పెట్టుకుని ఆడితే ఆట మిగులుతుందా? నన్నడిగితే ఆయుధాలో ప్రాణాలో ఊరికే తెచ్చిపెట్టే రహస్య చీట్ కోడ్ కంటే గైడే ఎక్కువ చెడగొడుతుంది

కాకినాడ కీబోర్డ్:
మా తమ్ముడు మొన్న ఎల్డెన్ రింగ్ అనే ఆట మొదలుపెట్టాడు. పక్కన ఫోన్లో యూట్యూబ్ వీడియో. అందులో ఎడమకి తిరిగితే మావాడూ ఎడమకి, అందులో పెట్టె తెరిస్తే మావాడూ తెరవడం, మధ్యమధ్యలో ఆట ఆపి వీడియో వెనక్కి జరుపుకోవడం, రెండు గంటలు ఇదే పని. ఆ ఆటలో మొదట్లోనే బంగారు కవచంతో గుర్రం మీద తిరిగే యోధుడొకడు ఉంటాడు, తెలియక ఎదురెళ్లినవాళ్లని రెండు మూడు దెబ్బల్లో చంపేస్తాడు. వాడి చేతిలో చచ్చి చచ్చి, ఇప్పుడు నా వల్ల కాదు, తర్వాత వద్దాం అని మనంతట మనమే వెనక్కి తిరగడం ఉంది చూశారా, నాకు ఆ ఆట నచ్చిందే అక్కడ. మా తమ్ముడు వాడి వంక కూడా చూడలేదు, వీడియోలో చుట్టూ తిరిగి పొమ్మన్నారని పోయాడు. ఎలా ఉందిరా అంటే "బాగానే ఉంది, ఇంకా 40 వీడియోలున్నాయి" అన్నాడు. ఆట గురించి అడిగితే వీడియోల లెక్క చెప్పాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

చీట్ కోడ్ కొట్టడం తప్పు, గైడ్ చూడటం మాత్రం చదువుకోవడం లాంటిదని చాలామంది అంటారు. నా అనుభవం పూర్తిగా ఉల్టా. చిన్నప్పుడు మా వీధి చివర నెట్ సెంటర్లో గంటకు పదిహేను రూపాయలిచ్చి ముగ్గురం ఒకే కుర్చీలో ఇరుక్కుని వైస్ సిటీ అనే ఆట ఆడేవాళ్లం. కోడ్లన్నీ లెక్కల నోట్‌బుక్ చివరి పేజీలో ఉండేవి. పాంజర్ అని కొడితే ట్యాంకు, లీవ్ మీ అలోన్ అంటే పోలీసులు తగ్గుతారు, ప్రాణం నిండాలంటే ఆస్పిరిన్, దానికి చివర ఒక 'ఈ' ఎక్కువ కొట్టాలి. ఆ ట్యాంకు వచ్చాకే మాకు అసలు ఆట మొదలయ్యేది. గొట్టం వెనక్కి తిప్పి పేల్చుకుంటూ పోతే ఆ దెబ్బకి ట్యాంకు ముందుకు దూసుకుపోతుందని మాలో ఒకడు కనిపెట్టాడు, ఆ రోజు సెంటర్లో ఉన్నవాళ్లంతా లేచొచ్చి మా వెనక నిలబడ్డారు. కోడ్ మాకు వస్తువు ఇచ్చిందంతే, దాంతో ఏం చెయ్యాలో చెప్పలేదు. గైడ్ ఆ చెయ్యాల్సింది కూడా తనే చెప్పేస్తుంది.

నైట్‌షిఫ్ట్:
అన్నా, మీకు టైమ్ ఉన్న రోజుల సంగతి చెప్తున్నారు. నాకు ఇద్దరు పిల్లలు, వారానికి దొరికేది ఆదివారం రాత్రి రెండు గంటలు. ఒకే తలుపు దగ్గర ఆ రెండు గంటలూ పోతే మళ్లీ వారం దాకా ఆ తలుపే గుర్తొస్తుంది.

మీరు వైస్ సిటీ అన్నారు కాబట్టి అదే చెప్తా. బొమ్మ హెలికాప్టర్‌తో కడుతున్న భవనంలో నాలుగు బాంబులు పెట్టే మిషన్ గుర్తుందా? నేను చదువుకునే రోజుల్లో అక్కడే ఆట వదిలేశాను. పెళ్లయ్యాక మళ్లీ ఇన్‌స్టాల్ చేసి ఒక గైడ్ చదివాను. మొదటి బాంబు ఎత్తేదాకా టైమర్ మొదలవ్వదు, ముందు రెక్కతోనే కాపలావాళ్లని తీసేసి దారి ఖాళీ చేసుకో అని ఉంది. ఆ ఒక్క ముక్క చాలు. హెలికాప్టర్ తిప్పింది నేనే, గోడకి గుద్దుకున్నదీ నేనే, నాలుగోసారికి అయ్యింది. ఆ గైడ్ లేకపోతే ఆ ఆటలో సగం నేను ఈ జన్మలో చూసేవాణ్ని కాదు.

ఇంకోటి. కొన్ని ఆటలు గైడ్ లేకుండా ఎవరికీ తెలియని పనులు పెడతాయి. 2006లో ప్లేస్టేషన్ 2 అనే గేమ్ మెషీన్ మీద వచ్చిన ఫైనల్ ఫాంటసీ 12 ఆటలో జోడియాక్ స్పియర్ అనే ఈటె ఉంది. ఎక్కడెక్కడో ఉన్న నాలుగు పెట్టెల్లో ఏ ఒక్కటి తెరిచినా, చివర్లో అది దొరకాల్సిన చోట దొరకదు. ఏ పెట్టెలు తెరవకూడదో ఆటలో ఎక్కడా చెప్పరు. కనిపించిన పెట్టె తెరవడం తప్పెలా అవుతుంది? అక్కడ గైడ్ చూసినవాణ్ని అంటే నేను ఒప్పుకోను.

పాత క్యాసెట్:
కీబోర్డ్ గారూ, చీట్ కోడ్లు అసలు ఆట చేసేవాళ్లు తమకోసం పెట్టుకున్నవే. కాంట్రా అనే పాత ఆటలో 30 లైఫులిచ్చే కోడ్, బటన్లు పైపైకిందకింద అంటూ వరసగా నొక్కేది, 1986లో గ్రేడియస్ ఆటలో మొదలైంది. ఆ ఆటని నింటెండో కంపెనీ గేమ్ మెషీన్‌కి మార్చిన కజుహిసా హషిమోటోకి పరీక్షించడానికి ఆ ఆట మరీ కష్టంగా ఉండి ఆ కోడ్ పెట్టుకున్నారు, తీసేయకుండానే ఆట బయటికి వచ్చేసింది. చేసినవాళ్లకే సాయం కావాల్సి వచ్చినప్పుడు ఆడేవాళ్లకి అక్కర్లేదంటే ఎలా? గేమ్ జీనీ అనే చీట్ పరికరం మీద నింటెండో కోర్టుకి కూడా వెళ్లింది, 1992లో అమెరికా అప్పీలు కోర్టులోనూ ఓడిపోయింది.

గైడ్ విషయంలో మాత్రం మీతో పేచీ ఉంది. 1986 నాటి జెల్డా అనే ఆటలో రహస్యాలు పిల్లలు ఒకళ్లనొకళ్లు అడిగి తెలుసుకోవాలనే ఉద్దేశంతోనే పెట్టారు. మీ నోట్‌బుక్ చివరి పేజీ కూడా గైడే కదండీ, చేత్తో రాసిన గైడు.

ఆరో లైఫ్:
నా కుడి మణికట్టుకి ఆపరేషన్ అయ్యాక వేళ్లు ముందంత వేగంగా కదలవు. సెలెస్ట్ అని 2018లో వచ్చిన ఆటలో అసిస్ట్ మోడ్ ఉంది, ఆట వేగం సగానికి తగ్గించుకోవచ్చు, పడిపోకుండా పట్టుకునే శక్తి తరగకుండా చేసుకోవచ్చు. నేను 70 శాతం వేగం మీద ఆ కొండ ఎక్కాను. శిఖరం మీదికి చేరినప్పుడు ఏడుపొచ్చింది. 2019లో సెకీరో అనే కష్టమైన ఆటలో చివరి బాస్‌ని, అంటే ఆఖరి పెద్ద శత్రువుని, ఆట వేగం తగ్గించి గెలిచానని ఒక గేమ్ పత్రిక రచయిత రాస్తే ఇంటర్నెట్ అంతా మీదపడి తిట్టింది, నువ్వు నిన్నే మోసం చేసుకున్నావని. ఎవరి ఇంట్లో ఎవరు ఏ వేగంతో ఆడితే వీళ్లకేంటి నొప్పి? కష్టం అందరికీ ఒకే కొలతలో ఉండదు.

రష్ మాస్టర్:
ఒంటరిగా ఆడుకునే ఆట వరకు మీ ఇష్టం. బీజీఎమ్ఐ లాంటి ఆన్‌లైన్ షూటింగ్ ఆటలో గోడ అవతల ఉన్నవాణ్ని చూపించే హ్యాక్ పెట్టుకుని వచ్చేవాణ్ని మాత్రం ఈ లెక్కలో కలపకండి. 2018లో షాంఘైలో కౌంటర్ స్ట్రైక్ అనే షూటింగ్ ఆట పోటీకి వెళ్లిన మన దేశం టీమ్‌లో ఒకడు చీట్ సాఫ్ట్‌వేర్‌తో స్టేజీ మీదే దొరికిపోయాడు, వాడికి ఐదేళ్ల నిషేధం, టీమ్ మొత్తాన్నీ తీసేశారు. తప్పు ఒకడిది, తిండీనిద్రా మానుకుని ప్రాక్టీస్ చేసిన మిగతా నలుగురూ రోడ్డున పడ్డారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు.

ఇంకో సంగతి, చీట్ చెడగొట్టదని కీబోర్డ్ అన్న అంటున్నాడు. శాన్ ఆండ్రియాస్ అనే ఆటలో జనం తిరగబడే కోడ్ కొట్టి సేవ్ చేసుకున్నాన్నేను. కొన్ని వారాల తర్వాత మ్యాడ్ డాగ్ అనేవాణ్ని కాపాడే మిషన్. మేడ మీద నుంచి దూకబోయేవాణ్ని కింద అట్టపెట్టెల బండితో పట్టుకోవాలి. ఆ కోడ్ సేవ్‌లో ఉండిపోయింది కాబట్టి నేను బండి దాకా వెళ్లకముందే దూకేసేవాడు, ఎన్నిసార్లు ఆడినా అంతే. మొత్తం ఆట మొదటి నుంచి ఆడాల్సి వచ్చింది.

కాకినాడ కీబోర్డ్:
రష్ బ్రో, ఒకరితో ఒకరు ఆడే మల్టీప్లేయర్‌లో చీటింగ్ వేరే సంగతి, అది ఎదుటివాడి ఆటని దొంగిలించడం, అందులో వాదనే లేదు. మ్యాడ్ డాగ్ విషయంలో దెబ్బ తిన్నది మీరొక్కరే కాదు, ఒప్పుకుంటా. ఆరో లైఫ్ గారూ, మీరు చెప్పింది చదివి చాలాసేపు కూర్చున్నాను. మీరు వేగం తగ్గించుకున్నారు, దారి మాత్రం మీరే వెతుక్కున్నారు, నేను మొదటి నుంచీ చెప్పాలనుకుంటున్నది అదే.

క్యాసెట్ గారి మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. నోట్‌బుక్ గైడే, నిజం. తేడా ఎక్కడుందంటే, ఇరుక్కుపోయి అడిగితే ఫ్రెండ్ ఒక్క ముక్క చెప్తాడు, మిగతాది మనమే చూసుకోవాలి. నైట్‌షిఫ్ట్ చేసిందీ అదే, ముందు ఓడిపోయి, తర్వాత అడిగారు. మా తమ్ముడు ఇంకా ప్రశ్న పుట్టకముందే జవాబు వింటున్నాడు. శాన్ ఆండ్రియాస్‌లో కొండ మీద అడవిలో బిగ్‌ఫుట్ అనే మనిషిలాంటి వింత జంతువు ఉందని మేం వేసవి సెలవులంతా వెతికాం. లేదు. ఇప్పుడైతే రెండు సెకన్లలో లేదని తెలిసిపోతుంది, ఎవరూ కొండెక్కరు. మాకు మాత్రం రాత్రిపూట ఆ చెట్ల మధ్య నడుస్తుంటే భయమేసేది, ఆ భయం ఇప్పటికీ ఉంది నాలో.

నిన్న తమ్ముడితో ఒక ఒప్పందం చేసుకున్నా: అరగంట ఇరుక్కుంటేనే ఫోన్ తియ్యాలి. సాయంత్రం బంగారు గుర్రంవాడి దగ్గరికే తిరిగెళ్లి పదకొండుసార్లు చచ్చాడు, బూతులు తిట్టాడు, కంట్రోలర్ మంచం మీద పడేశాడు. తర్వాత తూర్పు వైపు అడవిలోకి పోయి ఒక పాత కట్టడం, అందులో లిఫ్ట్ కనిపెట్టాడు. వంటింట్లో ఉన్నా, కేకేశాడు, "అన్నా, ఇది కిందికి పోతానే ఉంది, ఆగట్లేదు, ఎక్కడికి పోతోంది?" అని. నాకు తెలుసు. ఇది చదివేవాళ్లలో ఇంకా ఆడనివాళ్లు ఉంటారు కాబట్టి కింద ఏముందో ఇక్కడ రాయను. వాడికీ చెప్పలేదు, స్టవ్ కట్టేసి గది గుమ్మం దగ్గరికి పోయి వాడి మొహం చూస్తూ నిలబడ్డాను.