బెల్లం పొడి యంత్రాలకు ప్రభుత్వ సాయం ఎవరైనా తీసుకున్నారా?

పెనుమూరు గానుగ:
ఇంతకాలం దిమ్మెలే వండి చిత్తూరు మార్కెట్టుకు వేశాం. ఇక పొడి బెల్లం చేయాలని ఉంది. చిన్న ఆహార పరిశ్రమలకు కేంద్రం పెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద 35 శాతం రాయితీ ఉందంటున్నారు. ఆ కాగితాలు చూస్తేనే తల తిరుగుతోంది. అనుభవం ఉన్నవారు చెప్పండి.

తిరుచానూరు పచ్చళ్లు:
అన్నా, 2022లో ప్యాకింగ్ యంత్రానికి నేను తీసుకున్నాను. రాయితీ చేతికి రాదు. కనీసం 10 శాతం మనం పెట్టుకోవాలి, మిగతాది బ్యాంకు అప్పు. రాయితీ సొమ్ము (గరిష్ఠంగా 10 లక్షలు) మూడేళ్లు బ్యాంకులోనే ఉంటుంది. వాయిదాలు తప్పకుండా, యూనిట్ నడుస్తూ ఉంటేనే అప్పులో జమ చేస్తారు. కాగితాలకు జిల్లా రిసోర్స్ పర్సన్‌ను కలవండి. ప్రాజెక్టు రిపోర్టు, ఉద్యమ్ (చిన్న పరిశ్రమల) నమోదు, ఆహార లైసెన్సు అన్నింటికీ ఆయన సాయం చేస్తారు, ఆయన రుసుము ప్రభుత్వమే ఇస్తుంది. ఇది తెలియక నేను ఒక ఏజెంటుకు ఎనిమిది వేలు సమర్పించుకున్నాను.

నగరి మరమగ్గం:
కాగితాలు సరే, యంత్రం నేర్పేవారెవరో ముందే అడగండి. మరమగ్గాల కోసం కేంద్రం పెట్టిన పవర్‌టెక్స్ పథకంలో మా పాత మగ్గాలకు కొత్త భాగాలు వేయించాం. పడుగు పోగు తెగితే చిన్న రేకు జారి మగ్గం తనంతట తానే ఆగాలి. బిగించినవారు ఒక మధ్యాహ్నం చూపించి వెళ్లిపోయారు. నెల తిరగకుండానే పోగు తెగినా ఆగడం మానేసింది. తీగ పీకేసి, పుత్తూరు కట్టు కట్టి రెండు నెలలు నడిపాం. చివరికి పక్క షెడ్డు కుర్రాడు చూసి నవ్వాడు: రేకుల మధ్య నూలు దుమ్ము! రోజూ బ్రష్షుతో దులిపితే చాలట.

చంద్రగిరి చెరకు:
పొడికి యంత్రం కన్నా పాకం ముఖ్యం. మా నాయన చన్నీళ్లలో చుక్క వేసి పాకం చూసేవారు. దిమ్మెకు అది చాలు, సుమారు 118 డిగ్రీలకు దించేయవచ్చు. పొడికి 120 దాటాలి. ముందే దించితే ముద్ద కడుతుంది, ఆలస్యమైతే మాడుతుంది. నా మొదటి మూడు పెనాలూ పశువులకే పోయాయి. తేమ 2 శాతం లోపు ఉండాలి, లేకపోతే వానాకాలంలో సంచిలోనే గడ్డ కడుతుంది. అనకాపల్లి పరిశోధన కేంద్రంవారికి బెల్లం పనిలో మంచి అనుభవం ఉంది. చెరకు రకాల గురించయితే మన పెరుమాళ్లపల్లె కేంద్రానికి వెళ్లండి. తెల్లగా రావాలని హైడ్రోస్ అనే రసాయనం మాత్రం వేయకండి, బెండ రసంతోనే మడ్డి తేలుతుంది.

పెనుమూరు గానుగ:
అయితే ముందు థర్మామీటరే కొంటాను. ఆ ఆవిరిలో అంకెలు కనిపిస్తాయా అన్నా?

చంద్రగిరి చెరకు:
పొడుగు కాడది కొనండి. ఆవిరి ఊదడానికి పక్కన ఒక మనిషిని పెట్టుకోండి.