సోలార్ హీటరుకు వేసిన పీవీసీ పైపు ఎందుకు వంగిపోయింది?

మేడమీది తోట:
చన్నీళ్ల పనికి తెచ్చిన తెల్ల పీవీసీ పైపు కొంత మిగిలితే, డాబా మీది సోలార్ హీటరు నుండి స్నానాల గదికి దానితోనే లైను వేయించాను. రెండు వేసవులు గడిచేసరికి అది క్లాంపుల మధ్య ఉయ్యాలలా కిందికి జారి, ఎల్బో దగ్గర కారడం మొదలైంది. పక్కనున్న చన్నీళ్ల పైపు వంగలేదు గాని, ఎండ తగిలే వైపు పసుపుపచ్చగా మారి చిన్న దెబ్బకే పగిలింది. ఒకే పైపు రెండు రకాలుగా ఎందుకు చెడిందో తెలిసినవారు చెప్పగలరా?

విశ్రాంత రసాయన అధ్యాపకుడు:
ఈ రెండింటికీ కారణాలు వేరండి. వినైల్ క్లోరైడ్ అణువులో రెండు కార్బన్ల మధ్యనున్న ద్విబంధం తెరుచుకొని, అణువులు ఒకదానికొకటి తగులుకొని పొడవైన గొలుసుగా మారితే అది పీవీసీ. దాని బరువులో దాదాపు 57 శాతం క్లోరిన్ ఉంటుంది. సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర గొలుసులకు కదలిక వచ్చి పైపు మెత్తబడుతుంది; బలం తగ్గడం అంతకు చాలా ముందే మొదలవుతుంది కనుక, వేడినీళ్ల బరువుకు మీ పైపు జారింది. పసుపు రంగు ఎండ పని. అతినీలలోహిత కిరణాలకు గొలుసు నుండి హైడ్రోజన్ క్లోరైడ్ ఊడిపోతూ, దాని స్థానంలో వరుసగా ద్విబంధాలు ఏర్పడతాయి, రంగు వాటిది. గాలిలోని ఆక్సిజన్ కూడా చేరి గొలుసులు తెగడంతో పైపు పెళుసవుతుంది.

ప్లంబింగ్ పనివాడిని:
వేడినీళ్లకు సీపీవీసీయే వేయాలండి. పీవీసీకి మరింత క్లోరిన్ ఎక్కించి చేసే ఆ పైపు 93 డిగ్రీల వరకు తట్టుకునేలా తయారవుతుంది. దాని సొల్యూషన్ కూడా వేరు. సొల్యూషన్ అంటే జిగురు అనుకుంటారు గాని, అందులోని టెట్రాహైడ్రోఫ్యూరాన్ వంటి ద్రావకాలు పైపు పైపొరను, ఫిట్టింగు లోపలి పొరను కరిగించి ఒకటి చేస్తాయి. అందుకే తడి, దుమ్ము తుడిచి, రెండు వైపులా పూసి, తోసి పావు చుట్టు తిప్పి, అర నిమిషం కదలకుండా పట్టుకోమని మా కుర్రవాళ్లకు ప్రతిసారీ చెబుతాను. ఎండలో ఉండే లైనుకు నీటితో కలిపే తెల్ల రంగు వేయించండి. ఆయిల్ పెయింటు వద్దు.

వడ్రంగి పని:
మేము చెక్కకు వాడే తెల్ల జిగురు కూడా వినైల్ రకమేనని విన్నాను, నిజమేనా? స్నానాల గది తలుపుకు వాడితే కొన్నాళ్లకు అతుకు విడిపోయింది.

విశ్రాంత రసాయన అధ్యాపకుడు:
నిజమేనండి, అది పాలీవినైల్ అసిటేట్. పీవీసీ గొలుసులో క్లోరిన్ ఉండే చోట ఇందులో అసిటేట్ అనే అణువుల గుంపు ఉంటుంది. నీటిలో సన్నని కణాలుగా తేలుతూ ఉండి, నీరు చెక్కలోకి ఇంకి ఆరిపోగానే అవి కలిసి పొరగా మారతాయి. మామూలు రకం మళ్లీ తడి తగిలితే మెత్తబడుతుంది కనుక నీరు తగిలే చోటికి పనికిరాదు. దీనినే జలవిశ్లేషణ చేస్తే, అంటే నీటితో చర్య జరిపి అసిటేట్‌ను విడగొడితే, పాలీవినైల్ ఆల్కహాల్ వస్తుంది. నేరుగా గొలుసు కడదామంటే వినైల్ ఆల్కహాల్ నిలవకుండా అసిటాల్డిహైడ్ అనే వేరే పదార్థంగా మారిపోతుంది గనుక, ఈ చుట్టుదారి తప్పదు. నీటిలో కరిగే ఆ పాలిమరును, అంటే గొలుసు పదార్థాన్ని, మిల్లుల్లో పడుగు నూలుకు గంజి పెట్టడానికి వాడతారు. పక్కన తగిలించిన గుంపు మారితే గుణమంతా మారిపోవడం నాకు ఈ కుటుంబంలో ఎప్పటికీ తీరని ఆశ్చర్యం.

మేడమీది తోట:
అందరికీ కృతజ్ఞతలు. సీపీవీసీ వేయిస్తున్నాను. తీసేసిన పాత ముక్కలను పొయ్యిలో వేయవచ్చా?

ప్లంబింగ్ పనివాడిని:
అసలు వేయకండి. ఆ పొగ ఊపిరితిత్తులకు చేటు. పాత సామాను కొనేవారికి ఇచ్చేయండి.

విశ్రాంత రసాయన అధ్యాపకుడు:
ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వెలువడుతుంది, డయాక్సిన్లనే విష పదార్థాలూ ఏర్పడవచ్చు. పెళుసెక్కని ముక్కలుంటే మీ తోటలో తీగలకు ఊతకర్రలుగా పాతుకోండి.