గాజులు తొడుక్కున్నది ఎవరు?

నెల్లూరు నుంచి అడుగుతున్నా. మొన్న మా మేనకోడలు 2022లో వచ్చిన 'మిస్ మార్వెల్' అనే అమెరికన్ సూపర్‌హీరో సిరీస్ పెట్టుకుని కూర్చుంది. కమలా ఖాన్ అనే పిల్ల, జెర్సీ సిటీలో పాకిస్తానీ కుటుంబం. కరాచీ నుంచి అమ్మమ్మ పంపిన పెట్టెలో కడియం దొరుకుతుంది, తొడుక్కోగానే చేతిలోంచి వెలుగు. సరిగ్గా అప్పుడే వరండాలో మా నాయన ఫోన్లో ఎవరి మీదో ఎగురుతున్నాడు: "మేమేమన్నా గాజులు తొడుక్కుని కూర్చున్నామా?" పిల్ల పక్కున నవ్వింది. కంకణం కట్టుకుంటే పట్టుదల, గాజులు తొడుక్కుంటే పిరికితనం. ఒకే ముంజేయి కదా, ఎందుకిట్లా?

— కంకణం దీక్షకి కట్టేది, మగాళ్లూ కట్టుకుంటారు, అందుకే దానికి మర్యాద. గాజు ఆడవాళ్లదైపోయింది, పైగా పగులుతుంది. అయినా మీ ఊరి తిక్కన విరాటపర్వం రాశాడు కదండీ! ఏడాది పాటు గాజులేసుకుని ఉత్తరకు ఆట నేర్పిన బృహన్నలే కదా కౌరవ సేనను తరిమింది.

— ఒంగోలు నుంచి. గాజు సంగతి సరే, నాకు ఆ పెట్టెతోనే పేచీ. 2014లో మొదలైన కామిక్‌లో ఆ పిల్లకి శక్తి వచ్చేది ఒక పొగమంచు సోకి. ఒళ్లు సాగదీసుకోగలదు, అంతే. తెర మీదికొచ్చేసరికి ముత్తవ్వ కడియం, పైన జిన్నులు! స్పైడర్‌మ్యాన్ లాంటి తెల్లపిల్లాడికైతే సాలీడు కుడితే చాలు. తూర్పు అంటే మాయలూ మంత్రాలే అనుకునే పడమటివాళ్ల చూపు ఇది. పాలస్తీనా మూలాలున్న పండితుడు ఎడ్వర్డ్ సయీద్ 1978లోనే దీనికి ఓరియంటలిజం అని పేరు పెట్టాడు. మనం 'ప్రాచ్యవాదం' అంటున్నాం గానీ, అది వింటే తూర్పువాళ్ల సిద్ధాంతమేమో అనిపిస్తుంది. 'పడమటి చూపు' అంటే పోలా?

— అన్నా, ఇంకో కామిక్ హీరోయిన్ వండర్ ఉమన్ కూడా కడియాలతోనే తూటాలు ఆపుతుంది. అప్పుడెవరూ గొడవ చెయ్యలేదే? మా నాని (అమ్మమ్మ) కడియాలు నా దగ్గరా ఉన్నాయి, రొట్టెల పండక్కి వేసుకుంటా. ఆ సీన్ నాకు నచ్చింది.

— కడియంతో గొడవ లేదక్కా, జిన్నుతోనే.

— అది మాత్రం నిజం. మా ఇంట్లో ఆ మాట అన్నం తినని పిల్లల్ని భయపెట్టడానికే వాడతాం. అయినా చివర్లో శక్తి ఆమె ఒంట్లోనే ఉందని చెప్తారు, కడియం దాన్ని బయటికి లాగిందంతే.

— మొదట అడిగింది నేనే. నాయనకి బృహన్నల సంగతి చెప్పా. "అది అజ్ఞాతవాసంలే రా" అని మళ్లీ ఫోనెత్తాడు.