పూజలో చెడ్డ ఆలోచనలు, మళ్లీ మళ్లీ మొదటికి రావడం: తమ్ముడి ఓసీడీకి మందు మార్చమనాలా?

మారతహళ్లి అక్క:
మా తమ్ముడికి 24 ఏళ్లు. ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, వాటికోసం పదేపదే ఒకే పని చేసే జబ్బు) అని ఇక్కడ బెంగళూరులోనే సైకియాట్రిస్టు నిర్ధారించారు. దేవుడి ముందు నిలబడగానే బూతు మాటలు, దేవుణ్ణి అవమానించే దృశ్యాలు మనసులో మెదులుతాయట. వచ్చిన ప్రతిసారీ లెంపలేసుకుని విష్ణు సహస్రనామం మళ్లీ మొదటి నుంచి అందుకుంటాడు. అరగంట పూజ మూడు గంటలకు పాకింది, ఆఫీసులో లాగిన్ తప్పుతోంది. ఆ తర్వాత రోజంతా అమ్మను "అపచారం ఏమీ జరగలేదు కదా?" అని అడుగుతూనే ఉంటాడు.

సర్ట్రలీన్ 50 మి.గ్రా. మొదలుపెట్టి ఐదు వారాలైంది, చెప్పుకోదగ్గ మార్పు లేదు. కౌన్సెలర్ మాత్రం చెడ్డ ఆలోచన రాగానే "స్టాప్" అనుకుని వేరేది తలచుకోమన్నారు. అలా చేసినకొద్దీ ఎక్కువవుతోంది. మందు మార్చమని అడగాలా? అమ్మేమో శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయిద్దామంటోంది.

మందుల సంగతి:
మందు మార్చమని కాదండీ, మోతాదు గురించి అడగండి. సర్ట్రలీన్ 50 అనేది మొదలుపెట్టే మోతాదు. డిప్రెషన్‌కు అది సరిపోవచ్చు గానీ ఓసీడీకి చాలామందికి 150 నుంచి 200 దాకా వెళ్లాల్సి వస్తుంది. గడువు కూడా ఎక్కువే. మొత్తం 8 నుంచి 12 వారాలు, అందులో కనీసం 4 నుంచి 6 వారాలు తట్టుకోగలిగిన గరిష్ఠ మోతాదులో ఉండాలి. అప్పుడు గానీ "ఈ మందు పనిచేయలేదు" అనడానికి లేదు. ఎంత, ఎప్పుడు పెంచాలన్నది డాక్టరుగారి నిర్ణయమే. మీరు పెంచొద్దు, ఆపొద్దు.

ఫ్లువోక్సమైన్, ఫ్లువోక్సెటిన్ వంటివి కూడా ఇదే వర్గం, ఒకటి ఇంకోదానికంటే గొప్పదేం కాదు. రెండు మందులు పూర్తి మోతాదులో, పూర్తి గడువు వాడినా లాభం లేకపోతే ఈసీజీ చూసి క్లోమిప్రమైన్ ఇస్తారు, లేదా ఉన్నదానికి కొద్దిగా అరిపిప్రజోల్ జతచేస్తారు. ఆల్ప్రజోలం, క్లోనాజిపామ్ కాసేపు ఆందోళన తగ్గిస్తాయి, ఓసీడీని కాదు.

మొదటి రెండు వారాలు వికారం, విరేచనాలు, నిద్ర చెడడం మామూలే. టిఫిన్ చేశాక వేసుకుంటే కొంత నయం. లైంగిక ఇబ్బందులు రావచ్చు, కుర్రాళ్లు అవి చెప్పుకోలేక మాత్రలు మానేస్తుంటారు. డాక్టరే అడగాలి, అడగకపోతే అతనే చెప్పేలా ధైర్యమివ్వండి. 25 ఏళ్లలోపు వాళ్లలో మొదట్లోనూ, మోతాదు పెంచినప్పుడూ కుదురులేకపోవడం, చనిపోవాలన్న మాటలు ఉన్నాయేమో ఇంట్లోవాళ్లు గమనించాలి. ఉంటే అదేరోజు డాక్టరును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలిమానస్ 14416కు తెలుగులోనూ ఫోన్ చేయొచ్చు.

ఇంకొకటి. ఓసీడీ తీవ్రతను కొలిచే వై-బాక్స్ ప్రశ్నావళిలో స్కోరు ఎంతో అడిగి రాసిపెట్టుకోండి. 0 నుంచి 40 వరకు ఉంటుంది, 16 నుంచి 23 మధ్యస్థం, 24, ఆపైన తీవ్రం. 35 శాతం తగ్గితే చికిత్స పనిచేస్తున్నట్టు లెక్క. "ఎలా ఉంది?" "పర్లేదు" అనే మాటలతో ఏదీ తేలదు. తగ్గాక కూడా ఏడాది, రెండేళ్లు వాడి, నెలల తరబడి మెల్లగా దింపాలి.

ఈఆర్‌పీ గురించి:
"స్టాప్" పద్ధతి ఓసీడీకి పనికిరాదు. ఆలోచనను తరిమేయాలంటే అది వచ్చిందా లేదా అని కాపలా కాయాలి, ఆ కాపలాయే దాన్ని మళ్లీ తెస్తుంది. పైగా అలాంటి ఆలోచనలు జబ్బులేని వాళ్లకూ వస్తాయి, వాళ్లు పట్టించుకోరు. భక్తి ఉన్నవాడికి దైవదూషణ, పసిబిడ్డను ప్రాణంగా చూసుకునే తల్లికి బిడ్డకు హాని చేస్తానేమోనన్న భయం: మనసుకు విలువైన చోటే ఓసీడీ పట్టుకుంటుంది. కాబట్టి మీ తమ్ముడిలో భక్తి తక్కువై ఇది రాలేదు.

మనస్తత్వవేత్త విక్టర్ మేయర్ 1966లో దారి చూపిన ఈఆర్‌పీయే (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్) దీనికి ప్రధానమైన మానసిక చికిత్స. భయపెట్టే సందర్భంలోకి కావాలని వెళ్లాలి, వెళ్లాక పరిహారం చేయకూడదు. ఇక్కడ పరిహారాలంటే లెంపలు, మొదటి నుంచి చదవడం, అమ్మను అడగడం, పైకి కనబడని "క్షమించు స్వామీ". ఈ చివరిది పట్టుకోకపోతే చికిత్స నెలలు గడిచినా కదలదు.

సందర్భాలన్నింటికీ 0 నుంచి 100 వరకు ఆందోళన మార్కులు వేసి, 30, 40 దగ్గర మొదలుపెడతారు. ఉదాహరణకు పటం ముందు ఐదు గోవింద నామాలు ఒక్కసారి చదివి లేచిపోవడం 30. సహస్రనామం సగంలో చెడ్డ ఆలోచన వచ్చినా తర్వాతి నామానికే వెళ్లడం 55. గుడిలో దర్శనం చేసుకుని క్షమాపణ చెప్పకుండా బయటికి రావడం 70. "అపచారం జరిగే ఉండొచ్చు, నాకు ఎప్పటికీ తెలియకపోవచ్చు" అని రాసి రోజూ చదవడం 85. దేవుణ్ణి తిట్టమని ఎవరూ అనరు. ఆ ఇంటి ఆచారంలో మామూలు భక్తుడు చేసేంతే చేయించడం దీని కొలత. సందేహముంటే ఇంటి పురోహితుణ్ణి మొదట్లో ఒక్కసారి అడిగి హద్దు గీసుకోండి. మళ్లీ మళ్లీ అడిగితే అదీ పరిహారమే.

మామూలుగా 12 నుంచి 20 సెషన్లు, రోజూ ఇంట్లో 45 నిమిషాలు, గంట అభ్యాసం. గాభరా పెరిగిన క్షణాన మధ్యలో లేచిపోతే నష్టం, ఎందుకంటే పారిపోతేనే బతికానని మెదడు నేర్చుకుంటుంది.

మారతహళ్లి అక్క:
చాలా థ్యాంక్సండీ. అమ్మ సమాధానం చెప్పడం మానేస్తే వాడు మరీ కుంగిపోడా? మరి ఈఆర్‌పీ తెలిసినవాళ్లని ఎలా కనుక్కోవాలి?

కుటుంబం కోసం:
ఒక్కరోజులో మానేయొద్దండి, అతనితో కూర్చుని ఒప్పందం చేసుకోండి. అమ్మ "ఏం కాలేదులే" అన్నప్పుడు గోకినకొద్దీ దురదలాగా కాసేపు హాయి, పది నిమిషాలకు మళ్లీ ప్రశ్న. మొదటివారం రోజుకు ఐదుసార్లే జవాబు, తర్వాత మూడు, ఆపైన ఒకటి. మిగతాసార్లు అమ్మ అనాల్సింది ఒకటే: "ఇది ఓసీడీ అడిగిస్తోంది నాన్నా. నేను జవాబు చెప్పను గానీ నీ పక్కనే కూర్చుంటా." కోపంగా, ఎగతాళిగా అంటే పాడవుతుంది. "నీకు తెలుసుగా" అనడం కూడా జవాబే, జాగ్రత్త. మొదట్లో అడగడం పెరుగుతుంది. అప్పుడు మెత్తబడి ఒక్కసారి జవాబిచ్చేస్తే ఇంకాస్త గట్టిగా అడిగితే దొరుకుతుందని అతనికి అలవాటవుతుంది.

శ్రీకాళహస్తికి అమ్మ తన తృప్తికి వెళ్లొస్తే వద్దనకండి. కానీ "దోషం పోతుంది" అని అతనితో చేయిస్తే నిజంగానే దోషముందన్న అతని భయానికి ఇంట్లోవాళ్లే ముద్ర వేసినట్టవుతుంది. నేనైతే ఈ ఏడాదికి వాయిదా వేయమంటాను.

థెరపిస్టు కోసమైతే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టును చూడండి. ఫోన్లోనే అడగండి: ఓసీడీకి ఈఆర్‌పీ చేస్తారా, ఆందోళన పట్టిక రాయిస్తారా, ఇంటికి అభ్యాసం ఇస్తారా, అమ్మను కూడా కూర్చోబెడతారా? "రిలాక్సేషన్, పాజిటివ్ థింకింగ్ నేర్పిస్తాం" అని మాత్రమే చెబితే వేరొకరిని చూసుకోండి. హోసూరు రోడ్డులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్ ఉంది. ముందు మామూలు ఓపీలో చూపించుకోవాలి, అక్కడి నుంచి పంపిస్తారు. పొద్దున్నే వెళ్లండి. పాత చీటీలన్నీ పట్టుకెళ్లండి, ఏ మందు ఎంత మోతాదు ఎన్ని వారాలు వాడాడో ఒక కాగితం మీద రాసుకుని ఇవ్వండి. తెలుగులో మాట్లాడతామని మొదటే చెప్పండి, ఇలాంటి ఆలోచనలు వచ్చిన భాషలోనే బయటపెట్టడం తేలిక.