చిన్న షాపుల్లో పనిచేసే గర్భిణులకు సెలవు ఎలా? తెలిసినవాళ్లు చెప్పండి

నమస్కారమండీ. టెక్సస్‌లో కుటుంబాల హక్కుల కోసం పనిచేసే ఒక సంఘంలో వాలంటీర్‌ని. తెలుగు తల్లుల కోసం నెలనెలా ఒక సమాచార పత్రం రాస్తుంటాను. ఈసారి కాన్పు సెలవు గురించి. 1993 నాటి ఫెడరల్ చట్టం 12 వారాల సెలవిస్తుంది, జీతం మాత్రం ఉండదు. 50 మంది కూడా లేని ప్రైవేటు సంస్థలకు అదీ వర్తించదు.

మొన్న ఒకావిడ ఫోన్ చేసింది. ఎనిమిదో నెల, గ్యాస్ స్టేషన్ కౌంటర్ దగ్గర రోజంతా నిలబడే పని. కనీసం 15 మంది ఉద్యోగులుంటే, 2023లో అమల్లోకొచ్చిన చట్టం కింద కుర్చీ అడగొచ్చు. అక్కడున్నది ఆరుగురే!

ఇలాంటి చోట యజమానితో మాట్లాడి కుర్చీ, సెలవు సాధించుకున్నవాళ్లున్నారా? ఏమని అడిగారు? ఒప్పుకున్నది రాసి ఇమ్మన్నారా? ఆవిడ చాలా టెన్షన్‌లో ఉంది, దయచేసి త్వరగా చెప్పండి.