ఈ నారింజ రంగు గడ్డిపువ్వు పేరేంటో చెప్పగలరా?

నమస్తే అండీ. మేము డెన్వర్‌లో ఉంటాం. జూన్ మొదట్లో కొలరాడో ఈశాన్యాన ఉన్న పానీ నేషనల్ గ్రాస్‌ల్యాండ్‌కి వెళ్లాం. పొట్టి బఫెలో గడ్డి, బ్లూ గ్రామా గడ్డి మధ్య, పొడి నేలలో ఒక చిన్న మొక్క గుంపులు గుంపులుగా పూసి ఉంది. దాని పేరు తెలుసుకోవాలని ఉంది.

మొక్క ఎత్తు జానెడు. పువ్వు రూపాయి బిళ్లంత, ఐదు రేకులు, ఇటుక ఛాయ కలిసిన నారింజ రంగు. ఆకులు బూడిద రాసినట్టు ఉన్నాయి, దాదాపు మొదలు దాకా మూడు నుంచి ఐదు పాయలుగా చీలాయి. తాకితే నూగు తగిలింది. నన్ను కట్టిపడేసింది మాత్రం పువ్వు మధ్యభాగం. కేసరాలన్నీ ఒకే గొట్టంగా కలిసి ఉన్నాయి, అచ్చం మన మందారంలో లాగే! చిన్నప్పుడు రోజూ పూజకి మందారాలు కోసేదాన్ని, అందుకే ఆ పోలిక చూడగానే తెలిసింది. బెండ, పత్తి కూడా ఆ కుటుంబమే కదా.

స్కార్లెట్ గ్లోబ్‌మాలో (స్ఫెరాల్సియా కాక్సీనియా) అనుకుంటున్నాను. అది బహువార్షికం, వేళ్ల నుంచే పిలకలు వేసి పాకుతుంది. ఆ గుంపులు అలా వచ్చినవేనేమో. దాని దగ్గరి చుట్టమే ఇంకో గ్లోబ్‌మాలో ఉంది కానీ, దాని ఆకులు సన్నగా, పొడుగ్గా ఉంటాయి, మొక్క కూడా ఎత్తు. కాబట్టి అది కాదనిపిస్తోంది.

మందారం మొగ్గ కింద సన్నటి ఆకుల్లాంటివి చుట్టూ ఉంటాయి కదా, ఇందులో అవి కనిపించలేదు. గుర్తుపట్టడానికి ఇది సరిపోతుందా? మొక్కను పీకలేదు, ఫోటోలే తీశాను. మళ్లీ వెళ్తే కాయలో ఏం చూడాలో కూడా దయచేసి చెప్పండి.