ఋషికొండలో బ్లూస్, రాక్ షో: మర్నాడే పొద్దున్న షిఫ్ట్, వెళ్లొచ్చా?

ఉక్కునగరం నాన్న:
శనివారం సాయంత్రం ఋషికొండ దగ్గర ఆరుబయట బ్లూస్, రాక్ బ్యాండ్ షో ఉందట. మా అమ్మాయి నన్నడగకుండానే నాకూ టికెట్ తీసేసింది. నాకు 51 ఏళ్లు, ఘంటసాల దగ్గరే ఆగిపోయినవాణ్ని. ఆదివారం పొద్దున్న 6కి ‘A’ షిఫ్ట్ ఉంది. షో ఎన్నింటికి వదులుతారు? ఆ రాత్రివేళ ఇంటికి చేరేదెలా? మిల్లు శబ్దానికి ఎడమ చెవి ఇప్పటికే కాస్త మందగించింది, దానికేమైనా అవుతుందా? అన్నిటికన్నా పెద్ద టెన్షన్, పాట ముక్క అర్థం కాకుండా అంతసేపు నిలబడి ఏం చెయ్యాలి?

సీతమ్మధార:
టైం గురించి బెంగ వద్దండీ. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 దాటాక ఆరుబయట మైకులు మోగకూడదు. పండగలకీ పబ్బాలకీ ఏడాదిలో 15 రోజులకు మించకుండా ప్రభుత్వం 12 దాకా సడలించవచ్చు. మీ షోకి అలాంటి అనుమతి ఉందేమో నిర్వాహకులకు ఒక్క ఫోన్ చేసి కనుక్కోండి.

కారైతే ముక్కు రోడ్డువైపు ఉండేలా పెట్టండి. వదిలాక జనమంతా బీచ్ రోడ్డు మీద పడతారు. మీరు ఎండాడ మీదుగా హైవే ఎక్కి హనుమంతవాక, మద్దిలపాలెం, ఎన్‌ఏడీ, గాజువాక పట్టుకోండి. క్యాబ్ అయితే గేటు ముందు బుక్ చేయకండి, ధర చూస్తే షో సంగతి మర్చిపోతారు. కాస్త నడిచి మెయిన్ రోడ్డు మీదికొచ్చి చెయ్యండి. కాటన్ చొక్కా వేసుకోండి. మన సముద్రం గాలి చల్లగా ఉన్నా చెమట ఆరనివ్వదు.

మద్దిలపాలెం చెవుల టెక్నీషియన్:
అన్నయ్యగారూ, చెవి విషయం తేలిగ్గా తీసుకోకండి. అమెరికాలో వృత్తి ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ఇది: 85 డెసిబెల్స్ శబ్దంలో 8 గంటలు ఉండొచ్చు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. అంటే 100 దగ్గర పావుగంటే. రాక్ షోలో స్పీకర్ల ముందు 100 దాటడం మామూలే. దూది పెట్టుకుంటే పెద్దగా ఆపదు. ఫోమ్ ఇయర్ ప్లగ్స్ కొనండి. సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి లోపల పెట్టి, అది ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. మీకు మిల్లులో అలవాటే ఉండాలి మరి!

స్పీకర్లకు దూరంగా, సౌండ్ మిక్సర్ బల్ల వెనక నిలబడండి. మిక్సింగ్ చేసే అతను తన చెవికి సరిపోయేలా సర్దుకునేది అక్కడే కాబట్టి పాట కూడా బాగా వినబడేది అక్కడే. ఉన్న లోపానికి ఒకసారి పరీక్ష కూడా చేయించుకోండి.

గిటార్ నేర్చుకుంటున్న లాసన్స్ బే:
బాబాయ్, ఇంగ్లీషు రాకపోతే ఏం పోయింది! బ్లూస్ అమెరికా దక్షిణాదిలో నల్లజాతి వాళ్లు పనిచేసిన పొలాల్లో, వాళ్ల ప్రార్థనల్లో పుట్టిన పాట. బుర్రకథలో కథకుడు అనగానే వంతవాళ్లు అందుకుంటారు కదా, ఇక్కడ గాయకుడు ఒక పాదం పాడితే గిటార్ వంత పాడుతుంది. మొదటి పాదం, మళ్లీ అదే పాదం, మూడో పాదంలో దానికి జవాబు. అన్నీ ఇలాగే ఉండవు కానీ ఎక్కువగా వినబడేది ఈ వరసే. నాలుగేసి దెబ్బల చొప్పున 12 ఆవృతాలు, అంటే 48 దెబ్బలు, అందులో మూడే మూడు కార్డ్స్, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు. వేళ్ల మీద లెక్కపెట్టండి, రెండో పాటకల్లా ఎక్కడ తిరుగుతుందో ముందే తెలిసిపోతుంది. బ్లూస్‌లో మూలుగులా వినబడే స్వరం మాత్రం మన ‘గ’లోని రెండు రకాలు, సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్య ఎక్కడో వేలాడుతుంది. హార్మోనియం మెట్ల మీద దొరకదది.

రాక్ దీని సంతానమే. బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ 1943లో మిసిసిపీ నుంచి షికాగో వెళ్లి, ఆ రొదలో తన పాట వినబడాలని ఎలక్ట్రిక్ గిటార్ పట్టాడు. రోలింగ్ స్టోన్స్ అనే రాక్ బ్యాండు తన పేరు తీసుకున్నది ఆయన పాట నుంచే.

ఉక్కునగరం నాన్న:
వెళ్లొచ్చాను. 9:50కి వదిలారు, పదకొండున్నరకి ఇంట్లో ఉన్నాం. ముంత మిక్చర్ తినకుండా వస్తావా అని అమ్మాయి పేచీ పెట్టింది, లేకపోతే ఇంకా ముందే చేరేవాళ్లం. షిఫ్ట్‌కి వెళ్లాను, ఆవలింతల లెక్క అడగొద్దు. చెవుల్లో హోరు లేదు. 48 లెక్క మాత్రం నాలుగో పాటలో కుదిరింది, అమ్మాయి కంటే ముందే తల ఊపాను.

ఒక సందేహం మిగిలింది. ఒకతను వేలికి గాజు గొట్టం తొడుక్కుని తీగల మీద జార్చాడు. ఏంటది?

గిటార్ నేర్చుకుంటున్న లాసన్స్ బే:
స్లయిడ్ అంటారు బాబాయ్. వెనకటికి సీసా మెడ కోసి వాడుకునేవాళ్లు, అందుకే బాటిల్‌నెక్ అనే పేరూ ఉంది. మన చిత్రవీణ మీద కర్ర ముక్క జార్చి వాయిస్తారు చూడండి, పని అదే.

ఉక్కునగరం నాన్న:
చిత్రవీణంటే మన గోటువాద్యమేగా! మా మేనమామ ఇంట్లో ఒకటి అటక మీద ఉండాలి. ఈ ఆదివారం దింపిస్తాను. నీకు తీగలు కట్టడం వచ్చా?